చేశానా, చేయించానా?

గత చలికాలం భద్రాచలంలో జరిగిన ఒక సాహిత్య సమావేశానికి వచ్చిన స్నేహితురాళ్ళు ముగ్గురు, తిరుగు ప్రయాణానికి ముందు మా ఊరు చర్ల చూస్తామని వచ్చారు. చూడటానికి ఇక్కడేముంది? తాలిపేరు ప్రాజెక్టు, మిరప తోటలు, వాటి వెనక అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. సాయంత్రం టీతో పాటు చాక్లెట్ బన్నులు పెట్టాను. చర్లలో జర్మన్ బన్నులా అని ఆశ్చర్యపోయారు. ఒకరు తుంచి చూసి, లోపలి మెత్తదనాన్ని వేలితో నొక్కి, “బేకరీలో కొన్నట్టు లేదు, ఎవరు చేశారు?” అని అడిగారు.

“నేనే” అన్నాను.

పెరట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. నిజంగా ఆగిందో, ఆగినట్టు నాకే అనిపించిందో చెప్పలేను. ఆ పొద్దున బన్నుల పిండి పిసికింది పెరట్లో ఉన్న మనిషి. పిండి పొంగిందో లేదో వేలుతో నొక్కి చూసి చెప్పింది ఆమే. ముద్దలు గుండ్రంగా చుట్టింది కూడా చాలావరకు ఆమే. నేను కొలతలు కొలిచాను, ఓవెన్ పెట్టాను, టైము చూసుకున్నాను. అయినా “నేనే” అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది అబద్ధమని నాకు తట్టడానికి కూడా రాత్రి దాకా పట్టింది.

ఈ బన్నులు నాకెలా వచ్చాయో చెప్పాలి. 2018 చలికాలంలో మూడు నెలలు జర్మనీలోని హాలే అనే ఊళ్ళో ఉన్నాను. సాహిత్య విద్యార్థులకి ఆ ఊరి పేరు తెలిసే ఉంటుంది. మద్రాసులో ఏళ్ళ తరబడి పనిచేసి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746-47లో తెలుగు అక్షరాలు పోతపోయించి చిన్న చిన్న మతగ్రంథాలు అచ్చువేయించింది అక్కడే. షుల్జ్ అనువదించాడు, షుల్జ్ అచ్చువేశాడు అని సాహిత్య చరిత్రల్లో చదువుకున్నాం. మద్రాసులో ఆయనకి తెలుగు చెప్పిన మనుషులు లేకపోతే ఆ పుస్తకాలు లేవు. ఆ గ్రంథాలయానికి నడిచి వెళ్ళే దారిలో ఒక బేకరీ ఉండేది. పొద్దున్నే చీకట్లో, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, అందులో వేడివేడి షోకోబ్రోట్షెన్ ఒకటి కొనుక్కునేదాన్ని. బ్రోట్ అంటే రొట్టె, దానికి ‘షెన్’ చేరిస్తే చిన్నరొట్టె. తియ్యగా, పాలవాసన వేస్తూ, మధ్యమధ్య చాక్లెట్ ముక్కలతో ఉండేది. జర్మనీలోకెల్లా పాతదని చెప్పే చాక్లెట్ ఫ్యాక్టరీ, 1804 నుంచి ఉన్న హాలోరెన్, ఆ ఊళ్ళోనే ఉందని తర్వాత తెలిసింది. దేశం కాని దేశంలో ఒంటరిగా ఉన్న మనిషికి వేడి రొట్టె ఎంత ధైర్యమిస్తుందో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. తిరిగొచ్చాక అమ్మ కోసం చర్లలో ఉండిపోవాల్సి వచ్చినప్పుడు, ఆ నెలల్లోంచి నాతో తెచ్చుకోగలిగింది ఆ బన్ను ఒక్కటే.

చేయడం కష్టమేం కాదు. 500 గ్రాముల మైదా, 250 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, 7 గ్రాముల ఈస్ట్, 80 గ్రాముల పంచదార, 75 గ్రాముల వెన్న, ఒక గుడ్డు, కాస్త ఉప్పు, 150 గ్రాముల చాక్లెట్ ముక్కలు. పన్నెండు బన్నులవుతాయి. కష్టమంతా పిసకడంలో ఉంది. ముందు చేతికి అతుక్కునే ఆ ముద్ద, పావుగంట సేపు అరచేతి మొదలుతో నొక్కి, మడిచి, తిప్పి మళ్ళీ నొక్కితే గానీ సాగే గుణం రాదు. సాగకపోతే పొంగదు, పొంగకపోతే అది బన్ను కాదు, తీపి రాయి. మన మైదాకి బలం తక్కువ కాబట్టి ఇంకో అయిదు నిమిషాలు ఎక్కువే పిసకాలి. హాలేలో పిండిగిన్నెని గది వేడిచేసే గొట్టాల పక్కన పెడితే గంటన్నరకి పొంగేది. చర్లలో మార్చి దాటితే ముప్పావుగంట చాలు. ఇంకాసేపు ఉంచితే పులిసిపోతుంది. చాక్లెట్ ముక్కల్ని ఫ్రిజ్‌లో గట్టిపడేదాకా ఉంచి ఆఖర్న కలపాలి, లేకపోతే చేతి వేడికే కరిగి పిండంతా మట్టి రంగులోకి తిరుగుతుంది. కరెంటు పోతే ఓవెన్‌లో సగం కాలిన బన్నులు చూస్తూ కూర్చోవాలి.

నాకు కుడి మణికట్టు నొప్పి. సిద్ధాంత వ్యాసం టైపు చేసుకున్న రోజుల నుంచీ ఉంది. అందుకని రెండోసారో మూడోసారో “అక్కా, కాస్త ఈ పిండి పిసికిపెట్టవా” అని అడిగాను. ఆ ‘కాస్త’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. ఆమె దగ్గరలోని కోయగూడెం నుంచి వస్తుంది. అంట్లు, ఊడవడం, బట్టలు అని మాట్లాడుకుని నెలకి జీతమిస్తున్నాం. పిండి ఆ మాటల్లో లేదు.

మన భాషలో ఒక సదుపాయం ఉంది. పని చేసినవాళ్ళకీ చేయించినవాళ్ళకీ వేరువేరు క్రియలున్నాయి. బళ్ళో ప్రేరణార్థకమని నేర్చుకున్నదే. చేయడం, చేయించడం. మాటలో ఒక్క ‘ఇంచు’ చేర్చితే చాలు, పని వెనక ఇంకొకళ్ళున్నారని తెలిసిపోతుంది. బట్టల విషయంలో మనం చాలా నిజాయితీగా ఉంటాం. దర్జీ కుట్టిన జాకెట్టుని చూపించి “కుట్టుకున్నాను” అని ఎవరూ అనరు, “కుట్టించుకున్నాను” అంటారు. శాసనాల్లో రాజులు కూడా ఈ విషయంలో మనకంటే నయం. చెరువు తవ్వించారు, గుడి కట్టించారు. భద్రాచలం గుడి ‘కట్టించిన’ గోపన్న, గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముడికి లెక్కలు అప్పజెప్పినప్పుడు కూడా నగలు తాను చేయించాననే అన్నాడు, చేశానని అనలేదు. కంసాలుల పేర్లు చెప్పలేదనుకోండి, ఖరీదు మాత్రం చెప్పాడు. ములుగు వైపు వెళ్తే పాలంపేటలో ఇంకో విచిత్రం. 1213లో ఆ గుడి కట్టించింది రేచర్ల రుద్రుడని శాసనం చెబుతుంది. జనం మాత్రం దాన్ని శిల్పి పేరని చెప్పుకునే పేరుతో రామప్ప గుడి అనే పిలుస్తారు. 2021లో యునెస్కో జాబితాలోకి వెళ్ళిన పేరులో కూడా, రుద్రేశ్వరుడి పక్కన, ఆ రామప్ప ఉన్నాడు.

మరి వంటింట్లోకి వచ్చేసరికి ఆ ‘ఇంచు’ ఎందుకు మింగేస్తాం? ఉల్లిపాయలు ఒకరు తరుగుతారు, కొబ్బరి ఇంకొకరు కోరతారు, పప్పు రుబ్బేది మరొకరు. చివర్లో తాలింపు వేసిన మనిషి “నేను చేశాను” అంటుంది. నా అనుమానం ఏమిటంటే, స్త్రీ విషయంలో వంట పనిగా లెక్కకు రాలేదు, గుణంగా లెక్కకు వచ్చింది. ప్రేమకి సాక్ష్యంగా వచ్చింది. జాకెట్టు కుట్టించుకున్నానంటే ఎవరూ నన్ను తక్కువ మనిషిగా చూడరు. పిల్లలకి అన్నం వండిస్తున్నానంటే చూస్తారు. ప్రేమని ఇంకొకరి చేత చేయించడం కుదరదు కాబట్టి, ఆ ఇంకొకరి చేతిని మాయం చేయాలి. మగవాళ్ళు డబ్బుతో చేయించి గర్వపడతారు, మనం చేయించి దాచుకుంటాం. ఆ దాపరికం మన మీద పెట్టిన బరువులోంచే వచ్చిందన్నది నిజం. కానీ మన మీద ఉన్న బరువు దించుకోవడానికి మనం వాడుకున్నది ఇంకో స్త్రీ చేతులన్నది కూడా అంతే నిజం.

ఇంకొకటి కూడా ఉంది, అది రాయడానికి నాకు ఇబ్బందిగా ఉంది. “ఎవరు చేశారు?” అన్న ప్రశ్న మన ఇళ్ళల్లో ఎప్పుడూ అమాయకమైన ప్రశ్న కాదు. ఆ రోజు అడిగిన నా స్నేహితురాలి మనసులో అలాంటిదేదీ లేదు, నాకు తెలుసు. కానీ నా చిన్నప్పుడు మా ఇంట్లో పనికి వచ్చే మనిషికి పెరట్లో గోడ మీద వేరే గ్లాసుండేది. ఇంటికొచ్చిన బంధువులు ఫలహారం ముట్టుకునే ముందు అదే ప్రశ్న అడిగేవారు, అమ్మ అదే జవాబు చెప్పేది. “నేనే.” అది వాళ్ళకి అభయం. నా నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చిన మాట బహుశా నాది కాదేమో, ఆ పెరటి గోడ మీది నుంచి వచ్చిందేమో. గ్లాసు ఇప్పుడు లేదు. జవాబు మిగిలింది.

వంటింటి మీద మన ముందుతరం రాసిన సాహిత్యం చదివి పెరిగినవాళ్ళం. విమల ‘వంటిల్లు’ చదివిన తర్వాత వంటింటిని మామూలు కళ్ళతో చూడలేకపోయాం. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన గృహిణి మనందరికీ తెలుసు. ఆ కథ పాఠం చెప్పినప్పుడల్లా మా అమ్మాయిలు నిశ్శబ్దమైపోతారు. అయితే ‘నల్లపొద్దు’ (2003) లాంటి పుస్తకాలు వచ్చాక ఇంకో ప్రశ్న మన ముందుకొచ్చింది. వంటిల్లు జైలని మీరంటున్నారు సరే, ఆ వంటింటి గడప దాటనివ్వని ఆడవాళ్ళ సంగతేమిటి? పొలంలో, రోడ్డు మీద, మీ పెరట్లో చేసేవాళ్ళ సంగతేమిటి? ఆ ప్రశ్న చదివి తలూపాను, వ్యాసాల్లో ఉటంకించాను. ఆ తర్వాత నేను ఇష్టపడి వంటింట్లోకి తిరిగి వెళ్ళాను, ఓవెన్ పట్టుకుని. ఇష్టపడి వెళ్ళగలగడం నాకెలా సాధ్యమైంది? ఇష్టం లేని పనంతా ఇంకొకామె చేస్తోంది కాబట్టి. సరదా నాకు, అంట్లు ఆమెకి.

ఇది నాకు తెలియని అన్యాయం కూడా కాదు, అదే ఇంకా సిగ్గుచేటు. పరిశోధన చేసే రోజుల్లో ఒక పెద్దమనిషి సంకలనానికి ఎనిమిది నెలలు పనిచేశాను. పాత పత్రికల్లోంచి కథలు ఎత్తిరాశాను, రచయిత్రుల పరిచయాలు రాశాను, రెండుసార్లు ప్రూఫులు చూశాను. పుస్తకం వచ్చింది. ముందుమాట చివర్లో “మా విద్యార్థులు కొందరు సహకరించారు” అని ఒక వాక్యం. ఆ ‘కొందరు’లో నేనున్నాను. సభలో ఆయన “ఈ పని చేయడానికి నాకు మూడేళ్ళు పట్టింది” అన్నప్పుడు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను కూడా. ఎన్నేళ్ళయినా ఆ మంట పోలేదు. అలాంటి మంట ఉన్న మనిషిని, సాయంత్రం టీ దగ్గర, ఒక బన్ను విషయంలో, అచ్చం ఆయనలాగే మాట్లాడాను.

చర్ల నుంచి భద్రాచలం వెళ్ళేటప్పుడు దుమ్ముగూడెం వస్తుంది. దారిన పోయే చాలామందికి అక్కడి గోదావరి ఆనకట్ట తెలుసు, పర్ణశాల తెలుసు. దుమ్ముగూడేనికి ఇంకో చరిత్ర ఉంది. 1844లో మెక్రే అనే స్కాట్లండ్ వాడూ అతని భార్యా ఇక్కడి స్త్రీలకి లేసు అల్లడం నేర్పారని, గోదావరి జిల్లాల్లో లేసు పని అక్కడే మొదలైందని చెబుతారు. నది కిందికి వెళ్ళి ఆ పని నర్సాపురం చుట్టూ స్థిరపడింది. 1970ల చివర్లో ఒక జర్మన్ స్త్రీ నర్సాపురం వచ్చింది. మరియా మీస్. 1931లో ఒక పల్లెటూరి రైతు కుటుంబంలో పుట్టి, పూనాలో జర్మన్ పాఠాలు చెప్పి, తర్వాత కొలోన్‌లో సమాజశాస్త్రం బోధించిన మనిషి. ఆమె రాసిన ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ 1982లో వచ్చింది. 2023లో ఆమె చనిపోయినప్పుడు మన పత్రికల్లో ఇంకాస్త రాయాల్సింది.

ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్నది లెక్క. ఇంటిపని కాక, లేసు పనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు. దానికి ఆ రోజుల్లో వచ్చేది రూపాయి కూడా కాదు. వాళ్ళు అల్లినది సముద్రాలు దాటి అమ్ముడుపోయేది. కానీ ఆ ఆడవాళ్ళని కార్మికులని ఎవరూ అనలేదు, వాళ్ళు కూడా అనుకోలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చోవడమెందుకని అల్లుకుంటున్నారు, అంతే. పని చేసేది గృహిణి కాబట్టి అది పని కాదు, కాలక్షేపం. కాలక్షేపానికి కూలి ఏమిటి? స్త్రీని గృహిణిగా నిర్వచించడం వల్ల ఆమె శ్రమ అంత చవకైందని మీస్ వాదన. గృహిణీకరణ అని మనవాళ్ళు దాన్ని తెలుగు చేసుకున్నారు. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి గుర్తింపు వచ్చింది, మంచిదే.

పుస్తకం మూసి ఆలోచిస్తే, నర్సాపురం స్త్రీ, నేను, ఒకే తప్పుడు వ్యాకరణానికి రెండు కొసల్లో ఉన్నామనిపించింది. ఆమె చేసి కూడా చేశానని అనలేదు. నేను చేయించి చేశానన్నాను. ఇద్దరి మధ్యలో ‘ఇల్లు’ అన్న మాట ఉంది. ఇంట్లో చేసింది కాబట్టి ఆమెది పని కాలేదు. ఇంట్లో చేసింది కాబట్టి నాది ప్రేమ అయింది. ‘హోమ్‌మేడ్’ అని సీసాల మీద, డబ్బాల మీద రాసి ఎక్కువ ధరకి అమ్ముతున్నారు కదా ఇప్పుడు. ఆ మాటలో ఇల్లు కనిపిస్తుంది, చేతులు కనిపించవు. (మీస్ తెలంగాణ వ్యవసాయ కూలీ స్త్రీల మీద చేసిన ఇంకో అధ్యయనంలో కె. లలిత, కృష్ణకుమారి సహకారమని పేర్లతో సహా ఉంటుంది. నా ‘కొందరు’ గుర్తొచ్చి అది చూసి అసూయపడ్డాను.)

ఇంత దూరం వెళ్తే చాక్లెట్ దగ్గర ఆగలేం. కోకో మనకి దూరపు పంట కాదు. అశ్వారావుపేట వైపు, ఏలూరు వైపు పామాయిల్, కొబ్బరి తోటల నీడలో అంతరపంటగా ఉంది. కాయలు కొట్టి, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి పంపుతారు. 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను పదివేల డాలర్లు దాటిందని పత్రికలు రాశాయి, ఆ తర్వాత పడిపోయిందనీ రాశాయి. ఆ ఎగుడుదిగుళ్ళలో కాయ కొట్టిన కూలీకి ఎంత పెరిగి ఎంత తగ్గిందో ఎవరూ రాయలేదు. ప్రపంచంలో సగానికి పైగా కోకో పండించే ఐవరీ కోస్ట్, ఘనాల్లో పసిపిల్లలు తోటల్లో పనిచేయడం గురించి పాతికేళ్ళుగా ఒప్పందాలు జరుగుతూనే ఉన్నాయి. అయితే ఒకటి చెప్పాలి. నాలాంటివాళ్ళకి ఘనా పిల్లల గురించి బాధపడటం సులువు, పెరట్లో మనిషి గురించి మాట్లాడటం కష్టం. ఘనా నన్ను రేటడగదు. కాబట్టి నేను మళ్ళీ పెరట్లోకే వస్తాను.

మర్నాడు నేను ఆమెతో క్షమాపణ లాంటిదేదో చెప్పాను. “నిన్న బన్నులు నేనే చేశానని చెప్పాను అక్కా, తప్పు. ఇకమీదట నీ పేరు చెప్తాను. దీని గురించి రాస్తే నీ పేరుతో రాస్తాను.” ఆమె చీపురు పక్కన పెట్టి నా ముఖం చూసింది.

“నా పేరేం వద్దు మేడం. పేరు పత్రికలో ఏస్తే నాకేమొస్తది? పిసికేదానికి ఎంతిస్తరో చెప్పండి.”

నేను తడబడ్డాను. ఆమె ఇంకా చెప్పింది. తునికాకు కట్టకి యాభై ఆకులు. కట్టకింత అని రేటు ముందే తేలుతుంది, తేలకపోతే ఎవరూ అడవిలోకి పోరు. ఒకప్పుడు ఆ రేటు కోసం ఈ అడవుల్లో ఎంత గొడవ జరిగిందో పెద్దోళ్ళు చెప్తారు. మిరపకాయ కోతకి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళు కూడా రేటు మాట్లాడుకునే చేలో దిగుతారు. “ఆకుకి రేటుంది, మిరపకాయకి రేటుంది, మీ పిండికి లేదా?”

నా దగ్గర జవాబు లేదు, సాకులున్నాయి. అవన్నీ వరసగా నా మనసులోకి వచ్చాయి, దాచకుండా రాస్తున్నాను. నెల జీతం ఇస్తున్నాం కదా. వెళ్ళేటప్పుడు పిల్లలకని రెండు బన్నులు చేతిలో పెడుతున్నాను కదా. (వాళ్ళు చాక్లెట్ ముక్కలు ఏరుకుని తిని రొట్టె కోళ్ళకేస్తారని తర్వాత తెలిసింది.) పద్ధతి నాది, కొలతలు నావి, ఆలోచన నాది, ఆమెది ఒంటి బలమే కదా. ఈ చివరిది అన్నింటికంటే నీచమైనదని ఒప్పుకుంటాను. పైగా నిజం కూడా కాదు. హాలే నుంచి నేను తెచ్చుకున్నది గంటల లెక్క. ఏప్రిల్ ఎండలో ఆ లెక్క పనికిరాక రెండుసార్లు పిండి పులిసిపోయింది. అప్పుడు పిండిని బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపట్లో పైకొస్తుందో చూసి “ఇప్పుడు చుట్టండి” అని చెప్పింది ఆమె. చాక్లెట్‌ని మెత్తగా కాకుండా గట్టిపడ్డాక కలపమన్నది కూడా ఆమే. నేను జ్ఞానమని పిలిచేది కాగితం మీద ఉంది, ఆమెది వేలి చివర ఉంది. ఏది ఆలోచన, ఏది ఒంటి బలం?

అమ్మ మాత్రం నొచ్చుకుంది. “ఇంట్లో మనిషిలాగా చూసుకుంటున్నాం, రేట్లేమిటి మధ్యలో?” అంది. అమ్మ మనసులో కల్మషం లేదు. గ్లాసు రోజుల నుంచి ‘ఇంట్లో మనిషి’ దాకా రావడం ఆమెకి పెద్ద ప్రయాణమే. కానీ ఇంట్లో మనిషి అన్న మాటని నేను ఇప్పుడు అనుమానంగా చూస్తున్నాను. ఇంట్లో మనుషులకి మనమేం ఇచ్చాం? అమ్మకి ఎవరైనా రూపాయి ఇచ్చారా ఏభై ఏళ్ళ వంటకి? ఇంట్లో మనిషిని చేయడమంటే జీతం లేని వరసలో కూర్చోబెట్టడమే. నేను పిలిచే ‘అక్కా’ కూడా అంతే. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది, కాదనను. దాంతో పాటు దానికి ఖర్చేమీ లేదన్న సంగతీ ఉంది. “అక్కా, కాస్త పిండి పిసికిపెట్టవా.” కాస్త అంటే ఇరవై నిమిషాలు. వారానికి రెండుసార్లు, ఏడాదికి ఎన్ని గంటలో లెక్కవేశాను. ముప్పై నాలుగు గంటలకి పైనే.

గంటల లెక్క నాకు కొత్త కాదు. నేను గెస్ట్ ఫ్యాకల్టీని. పీరియడ్‌కి ఇంత అని ఇస్తారు. పాఠం తయారుచేసుకోవడం, పేపర్లు దిద్దడం, అడ్మిషన్ల పనిలో కూర్చోవడం ఏ పీరియడ్‌లోకీ రావు. “మీరు మన కాలేజీ మనిషే కదా మేడం, కాస్త చూడండి” అంటారు. అక్కడ ఆ ‘కాస్త’ వినగానే నాకు ఒళ్ళు మండుతుంది.

బేరం జరిగింది. పన్నెండు బన్నుల పిండికి ఆమె యాభై అడిగింది. చుట్టేదానికి వేరే. నేను వెంటనే ఒప్పుకున్నాను, ఆ ఒప్పుకున్న వేగం ఆమెకి నచ్చలేదు. ఇంకా అడగాల్సిందేమో అన్నట్టు చూసింది. ఆ యాభైని లెక్కలోకి వేసుకున్న తర్వాత తెలిసిందేమంటే, ఈ బన్నులు నేను అనుకున్నంత తరచుగా చేసుకోగలిగినవి కావు. వారానికి రెండుసార్లు కాస్తా పదిహేను రోజులకి ఒకసారి అయ్యాయి. నాకు బాధ కలిగింది. ఆమెకి కలిగిందా? తెలియదు, బహుశా పని తగ్గి ఊపిరి పీల్చుకుందేమో, లేక వచ్చే డబ్బు తగ్గిందనుకుందేమో. నేనింకా అడగలేదు. పైసలిచ్చి చేయించుకున్న రోజు నుంచి బన్నుల రుచి మారిందా అని స్నేహితురాలొకరు ఫోన్లో అడిగారు. మారలేదు. కానీ అమ్మకి పెట్టేటప్పుడు “తిను, నీ కోసమే” అనడానికి ముందు ఒక్క క్షణం తడుముకుంటున్నాను.

ఆ స్నేహితురాలే తయారీ విధానం రాసి పంపమన్నారు. రాయడానికి కూర్చున్నాను. పాలు వెచ్చబెట్టాలి, ఈస్ట్ కలపాలి, పిండి పిసకాలి. వంటల పుస్తకాల తెలుగు అంతా ఇలాగే ఉంటుంది. బెట్టాలి, కలపాలి, పిసకాలి. ఎవరు అన్నది ఉండదు. కర్త లేని వాక్యాలు. ‘పిసకాలి’ దగ్గర కాగితం రెండు రోజులు ఆగిపోయింది. చివరికి ఆమెనే అడిగాను. నవ్వింది. “ఎంతసేపు పిసకాలో రాయండి. ఎవరు పిసకాలో ఆళ్ళింట్లో ఆళ్ళు చూసుకుంటరు.”

మే నెలలో తునికాకు మొదలవగానే ఆమె రావడం మానేసింది. ముందే చెప్పింది, ఆకు ఉన్నన్నాళ్ళు ఇంకే పనీ ఉండదని. తెల్లవారుజామున అడవికెళ్ళి, మధ్యాహ్నం నీడన కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో లెక్క అప్పజెప్పాలి. ఆ పదిహేను రోజుల్లో ఒక ఆదివారం నేనొక్కదాన్నే బన్నులు చేశాను. మణికట్టుకి గుడ్డ చుట్టుకుని, మధ్యలో మూడుసార్లు ఆగి, చెమట పిండిలో పడకుండా కొంగుతో తుడుచుకుంటూ. అంట్లు కూడా నేనే తోమాను. ఇంటికి ఎవరూ రాలేదు, ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. అమ్మ ఒకటి తీసుకుని సగం తిని, మిగిలింది టీలో ముంచుకుంది.

ఆకు అయిపోయాక ఆమె వచ్చింది. వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. డబ్బాలో మిగిలిన బన్ను ఒకటి తీసి, బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పైకి రాలేదు.

“ఇంకో పది నిమిషాలు పిసకాల్సింది” అంది.